5 సెంట్లు–10 సెంట్ల పోకర్ టేబుల్‌లో బిగించి ఆడితే డబ్బు మిగులుతుందా?

మీరు అడిగింది ఇదీ: ఉద్యోగం మీద న్యూజెర్సీ వచ్చి ఏడాది అయింది. ఆన్‌లైన్‌లో 5 సెంట్లు–10 సెంట్ల హోల్డెమ్ (ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు ఉండే పోకర్) టేబుళ్లలో, ఆరుగురు ఆడేచోట, పది డాలర్లు పెట్టుకుని కూర్చుంటున్నారు. మూడు నెలల్లో 140 డాలర్లు పోయాయి. "మంచి ముక్కలు పడితేనే ఆడు, లేకపోతే పడేయి, గెలుస్తావు" అని స్నేహితుడు చెప్పాడు. అది నిజమేనా, నిజమైతే ఎంత మిగులుతుంది, విజయవాడలో ఉన్న తమ్ముడికి కూడా నేర్పించవచ్చా అన్నారు. రాజుల జతతో పది డాలర్లూ పోయిన ఒక హ్యాండ్ (ఒక పంపకం ఆట) వివరాలు కూడా రాశారు.

మీ స్నేహితుడు చెప్పింది నిజమే, కానీ సగమే. ఈ స్థాయి టేబుళ్లలో బిగించి ఆడేవాడు దీర్ఘకాలంలో గెలుస్తాడు. అయితే ముక్కలు ఏరుకోవడం ఒక్కటే చాలదు. మంచివి పడ్డప్పుడు గట్టిగా పందెం పెంచాలి. ఆ మంచివే మధ్యలో రెండో స్థానానికి జారిపోయాయని తెలిసినప్పుడు వదిలేయాలి. ఈ మూడోది చేతకాకే ఎక్కువమంది ఓడిపోతారు. మీ రాజుల జత కథ కూడా అదే. చివర్లో దాని లెక్క చూద్దాం.

నేను న్యూజెర్సీలోనే, ఎడిసన్‌లో ఉంటాను. ఇక్కడ ఆన్‌లైన్ పోకర్ 2013 నవంబరులో చట్టబద్ధంగా మొదలైంది. మరుసటి ఏడాది నుంచి ఆడుతున్నాను. 2 సెంట్లు–5 సెంట్ల దగ్గర మొదలుపెట్టి 25–50 సెంట్ల దాకా వెళ్లాను. ఉద్యోగం వేరే ఉంది, ఇది సాయంత్రాల ఆట.

ముందు మీ తమ్ముడి సంగతి. వద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో జూద చట్టాలు సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా అలాంటి ఆటలు నడపడాన్ని నిషేధించింది, అది నైపుణ్యమైనా అదృష్టమైనా తేడా లేదంది. ఇప్పుడు అక్కడ ఎవరైనా లింకు పంపి "ఇది నడుస్తుంది" అంటే, వేసిన డబ్బు తిరిగి ఇచ్చే దిక్కు ఉండదు. మీరు ఉన్నచోట 21 ఏళ్లు నిండినవారికి, రాష్ట్రం లైసెన్సు ఇచ్చిన సైట్లలో, రాష్ట్రం సరిహద్దు లోపల ఉండి ఆడటానికి అనుమతి ఉంది. గెలిచిన డబ్బును పన్ను రిటర్నులో చూపించాలి. ఈ తేడా తమ్ముడికి అర్థమయ్యేలా చెప్పండి.

ఇక ఆట.

మనవాళ్లు ఎక్కువమంది పోకర్‌కి రెండు దారుల్లో వస్తారు. ఒకటి సంక్రాంతికి చూసిన మూడు ముక్కలాట, రెండోది రమ్మీ. మూడు ముక్కలాటలో ముక్కలు చూడకుండా బ్లైండు ఆడటం, "ఏముందో చూద్దాం" అని షో అడగటం అలవాటవుతుంది. ఆ అలవాటే ఇక్కడ మీ డబ్బు తింటుంది. రమ్మీ మాత్రం మంచి బడి. చెత్త ముక్కలు పడితే ఫస్ట్ డ్రాప్ పెట్టి 20 పాయింట్లతో బయటపడతాం. మొండిగా కూర్చుంటే ఫుల్ కౌంట్ 80 మోయాలి. రమ్మీ బాగా ఆడేవాడు డ్రాప్ పెట్టడానికి సిగ్గుపడడు, అది ఆటలో భాగం అనుకుంటాడు. పోకర్‌లో ఫోల్డ్, అంటే ముక్కలు పడేయడం, అచ్చంగా అదే, పైగా చాలా చవక.

ఎంత చవకో చూడండి. ఆరుగురి టేబుల్‌లో ఒక చుట్టు తిరిగేసరికి మీరు కట్టేది ఒక పెద్ద బ్లైండు, ఒక చిన్న బ్లైండు (ముక్కలు చూడకముందే తప్పనిసరిగా వేయాల్సిన పందేలు, ఇక్కడ 10 సెంట్లు, 5 సెంట్లు). మీ టేబుల్‌లో 15 సెంట్లు. అంటే హ్యాండుకు రెండున్నర సెంట్లు. వంద హ్యాండ్లలో ఒక్కటీ ఆడకుండా అన్నీ పడేసినా పోయేది రెండున్నర డాలర్లు. మీరు ఒక్క రివర్ కాల్‌లో (చివరి ముక్క పడ్డాక అవతలివాడి పందేనికి సరిపడా కట్టడంలో) పోగొట్టుకున్నది దానికి మూడింతలు.

ఏ ముక్కలు ఆడాలి? రెండు ముక్కలు పడే విధానాలు మొత్తం 1326. మొదట మాట్లాడాల్సిన సీట్లో ఉంటే నేను కొత్తవాళ్లకు చెప్పేది ఇది: ఏడ్ల జత నుంచి పైకి అన్ని జతలు, ఆసు-రాజు, ఆసు-రాణి, ఒకే గుర్తువైతే ఆసు-జాకీ, రాజు-రాణి. అంతే. ఇవి 88 విధాలు, వందకు ఏడు కూడా కాదు. నిజానికి ఇది అవసరానికి మించిన బిగువు. అనుభవం ఉన్నవాళ్లు ఆ సీట్లోంచి ఇంతకు రెట్టింపు ఆడతారు. కానీ ఫ్లాప్ (బల్ల మీద మొదట తెరిచే మూడు ముక్కలు) తర్వాత ఏం చేయాలో తెలియనంతకాలం తక్కువ ఆడటమే మంచిది. ఆసు-పది, రాజు-జాకీ లాంటివి చూడటానికి అందంగా ఉంటాయి. మొదటి సీట్లోంచి ఆడితే మాత్రం అవతలివాడి ఆసు-రాణి చేతిలో, రాజు-రాణి చేతిలో చితికిపోతాయి. జత తగులుతుంది, పక్కముక్క చిన్నదవుతుంది, నెమ్మదిగా డబ్బంతా పోతుంది.

బటన్ (పంచేవాడి స్థానం) మీద ఉంటే, ముందున్నవాళ్లంతా ఫోల్డ్ చేస్తే, సంగతి వేరు. అన్ని జతలు, ఒకే గుర్తున్న ఏ ఆసు అయినా, బొమ్మ ముక్కల కలయికలు చాలావరకు, పది-తొమ్మిది, తొమ్మిది-ఎనిమిది లాంటి వరస ముక్కలు ఒకే గుర్తువైతే. ఇలా వందకు 19 దాకా ఆడవచ్చు. కారణం సీటు. ఫ్లాప్, టర్న్ (నాలుగో ముక్క), రివర్ (ఐదో ముక్క) మూడింటిలోనూ మీరే చివర మాట్లాడతారు, అవతలివాడు ఏం చేశాడో చూసి నిర్ణయిస్తారు. చిన్న బ్లైండులో కూర్చున్నప్పుడు దీనికి పూర్తిగా ఎదురు. "సగం ఎలాగూ కట్టేశాను కదా" అని మిగతా ఐదు సెంట్లు వేసి లోపలికి వెళ్లడం నేను మొదటి ఏడాదంతా చేసిన తప్పు. కట్టేసింది మీది కాదు, పాట్‌ది, అంటే మధ్యలో పోగైన పందెం డబ్బులో కలిసిపోయింది.

ఆడితే రైజ్‌తోనే (పందెం పెంచే) రండి. ఎవరూ రాకపోతే 30 సెంట్లు. ముందు ఎవరైనా ఊరికే పది సెంట్లు వేసి కూర్చుంటే ఒక్కొక్కరికి పది సెంట్లు కలపండి. ఎందుకంటే, రెండు ఆసులు ఏవో ముక్కలున్న ఒక్క మనిషి మీద వందకు 85 సార్లు గెలుస్తాయి. అదే ఐదుగురు అలాంటి ముక్కలతో చివరిదాకా ఉంటే 49 సార్లే. కాబట్టి మంచి ముక్కలున్నప్పుడు గుంపును పల్చన చేయాలి, ఉండేవాళ్లు ఎక్కువ డబ్బు కట్టి ఉండాలి. ముక్కలు దాచిపెట్టి అందరినీ రానివ్వడం తెలివి అనుకుంటారు చాలామంది. ఈ టేబుళ్లలో దాచాల్సిన అవసరమే లేదు, మీరు రైజ్ చేసినా వస్తారు.

మీకంటే ముందే ఒకరు రైజ్ చేస్తే ఇంకా బిగించండి. రాణుల జత, రాజుల జత, ఆసుల జత, ఆసు-రాజు అయితే తిరిగి రైజ్, 90 సెంట్ల నుంచి డాలరు దాకా. చిన్న జతలతో కాల్ చేయవచ్చు, ఒక షరతు మీద. జత చేతిలో ఉన్నప్పుడు ఫ్లాప్‌లో మూడోది తగిలేది సుమారు ఎనిమిదిన్నర సార్లకు ఒక్కసారి. తగిలిన ప్రతిసారీ అవతలివాడు డబ్బంతా ఇవ్వడు. అందుకే మీరు కాల్ చేసే మొత్తానికి కనీసం 15 నుంచి 20 రెట్లు మీ దగ్గర, అవతలివాడి దగ్గర ఉండాలి. 30 సెంట్ల కాల్‌కి ఇద్దరి దగ్గరా ఆరు డాలర్లు ఉన్నాయా? ఉంటే వెళ్లండి. మూడోది తగలకపోతే పడేయండి.

ఇంతవరకు ఎవరైనా వారంలో నేర్చుకోవచ్చు. అసలు తేడా ఫ్లాప్ తర్వాత వస్తుంది.

చిన్న టేబుళ్లలో బిగింపు ఎందుకు గెలుస్తుందో ముందు అర్థం చేసుకోవాలి. బిగింపులో మహిమేమీ లేదు. ఎదుటివాళ్లు అవసరానికి మించి కాల్ చేస్తారు, అందుకని గెలుస్తుంది. మధ్య జత ఉన్నా కాల్, ఆసు ఒక్కటి ఉన్నా కాల్, రంగు (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) పూర్తి కావడానికి ఇంకో ముక్క కావాలన్నా ఎంతకైనా కాల్. అలాంటివాళ్ల మీద రెండు పనులు చేయాలి. మీ దగ్గర ఉన్నప్పుడు పెద్ద పందెం పెట్టాలి, లేనప్పుడు అబద్ధం (బ్లఫ్) ఆడకూడదు.

ఆసు-రాజు చేతిలో ఉండి ఫ్లాప్‌లో ఆసు వచ్చిందనుకోండి. పాట్‌లో మూడింట రెండొంతులు, వీలైతే ముప్పాతిక. టర్న్‌లో మళ్లీ అంతే. ఒకే గుర్తువి రెండు ముక్కలు బల్ల మీద, రెండు చేతిలో ఉన్నవాడికి తొమ్మిది ముక్కలు పనికొస్తాయి. వచ్చే ఒక్క ముక్కలో తగిలే అవకాశం వందకు 20 కంటే కొంచెం తక్కువ. మీరు పాట్‌లో మూడింట రెండొంతులు పెడితే, అతని కాల్ నష్టం లేకుండా సరిపోవాలంటే వందకు 29 సార్లు తగలాలి. ఆ తేడా మీ లాభం. మీరు భయపడి పాట్‌లో ఐదో వంతే పెడితే అతను కట్టాల్సినదానికి వందకు 14 చాలు, అప్పుడు అతని కాల్ సరైనదైపోతుంది. బిగించి ఆడేవాళ్లలో నేను చూసిన పెద్ద లోపం ఇదే. ముక్కల కోసం గంట ఆగుతారు, వచ్చాక టెన్షన్‌తో పిరికిగా పందెం పెడతారు.

ఇప్పుడు రెండో వైపు. 2015లో నాకు జరిగిన ఒక హ్యాండ్ ఇప్పటికీ గుర్తుంది. రెండు ఆసులు పడ్డాయి. ఒక గంటలో టేబుల్ మీద ఒక్కసారి కూడా రైజ్ చేయని మనిషి, అన్నింటికీ కాల్ మాత్రమే చేసే మనిషి, నాతో ఫ్లాప్‌కు వచ్చాడు. బల్ల మీద తొమ్మిది, ఎనిమిది, ఆరు. నేను పందెం, అతను కాల్. టర్న్ మూడు. నేను పందెం, అతను రైజ్. నేను "ఆసులు పడేది 221 సార్లకు ఒకసారి, వదిలేదెలా" అని మిగిలినదంతా తోసేశాను. అతని దగ్గర పది, ఏడు. ఫ్లాప్‌లోనే ఆరు నుంచి పది దాకా వరస పూర్తయింది.

ఆ వారాంతం కూర్చుని పాత హ్యాండ్లన్నీ తిరగేశాను. టర్న్‌లో గాని రివర్‌లో గాని ఎదుటివాడు రైజ్ చేసినా ఒక్క జతతో నేను కాల్ చేసిన సందర్భాలు ఏరాను. గెలిచినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నా ఆట మారింది ఆ రోజు నుంచే. సాధుగా కాల్ చేసే మనిషి టర్న్‌లో రైజ్ చేస్తే, మీ దగ్గర ఒక్క జతే ఉంటే, అది ఏ జతైనా సరే, నమ్మి వదిలేయండి. పెద్ద టేబుళ్లలో ఈ నియమం పాటిస్తే మిమ్మల్ని దోచేస్తారు. ఇక్కడ ఆ స్థాయిలో అబద్ధం ఆడేవాళ్లు అరుదు.

బ్లఫ్ మాట ఒకటి. ఫ్లాప్‌కు ఒక్కడే వచ్చి, రాజు-ఏడు-రెండు లాంటి పొడి బల్ల (వరసకు, రంగుకు దారిలేనిది) పడితే, ఏమీ తగలకపోయినా మూడో వంతు పందెం పెట్టవచ్చు, చాలాసార్లు వదిలేస్తాడు. కాల్ చేస్తే ఆగిపోండి. ముగ్గురు నలుగురు ఉన్నప్పుడు అసలు వద్దు.

రేక్ గురించి తక్కువ చెబుతాను. చిన్న టేబుళ్లలో సైటు పాట్‌లోంచి 5 శాతం చుట్టుపక్కల తీసుకుంటుంది. ఫ్లాప్ రాకముందే ముగిసిన పాట్‌లో సాధారణంగా తీసుకోదు. బిగించి ఆడేవాడు తక్కువ పాట్లలో ఉంటాడు, రైజ్‌తో కొన్నింటిని అక్కడే ముగిస్తాడు. కాబట్టి అతను కట్టే రేక్ తక్కువ. ఈ ఒక్క కారణంతోనే కొందరి ఆట నష్టం నుంచి లాభంలోకి వస్తుంది.

మరి ఎంత మిగులుతుంది? ఇక్కడ నిజం చెప్పాలి. ఈ పద్ధతిలో బాగా ఆడితే వంద హ్యాండ్లకు ఐదు పెద్ద బ్లైండ్లు మిగిలితే మంచి ఆట. మీ టేబుల్‌లో అది 50 సెంట్లు. ఒక టేబుల్ మీద గంటకు 75 హ్యాండ్లు వస్తాయనుకుంటే, నాలుగు టేబుళ్లు ఒకేసారి తెరిస్తే 300. గంటకు డాలరున్నర. న్యూజెర్సీలో కనీస వేతనమే గంటకు 15 డాలర్ల పైన ఉంది. కాబట్టి అద్దెకో, ఇంటికి పంపడానికో దీనిలోంచి డబ్బు వస్తుందని లెక్క వేసుకోకండి. నేర్చుకోవడానికి, ఆలోచనను పదును పెట్టుకోవడానికి ఆడండి, ఖర్చు కాకుండా ఆడగలిగితే అదే గెలుపు.

ఆ డాలరున్నర కూడా రోజూ వరసగా రాదు. గెలిచే ఆటగాడికి కూడా ఆటుపోట్లు వంద హ్యాండ్లకు 80 బ్లైండ్ల దాకా ఉంటాయి. దీన్ని లెక్క కడితే, నిజంగా ఐదు బ్లైండ్ల చొప్పున గెలిచే సత్తా ఉన్నవాడు 10,000 హ్యాండ్లు ఆడాక కూడా నష్టంలో ఉండే అవకాశం సుమారు నాలుగింట ఒకటి. లక్ష హ్యాండ్లకు అది వందకు రెండు మూడుకు తగ్గుతుంది. అంటే నెల రోజులు చక్కగా ఆడి ఓడిపోవచ్చు, నెల రోజులు పిచ్చిగా ఆడి గెలవవచ్చు. మీరు మూడు నెలల్లో ఎన్ని హ్యాండ్లు ఆడారో రాయలేదు. ఐదారు వేలే అయితే 140 డాలర్లలో కొంత దురదృష్టం కూడా ఉండవచ్చు. కానీ మీరు పంపిన హ్యాండ్ చూస్తే అంతా అదే కాదనిపిస్తోంది.

అందుకే పది డాలర్ల టేబుల్‌కి 300 నుంచి 400 డాలర్లు పక్కన ఉండాలి, పోయినా ఇల్లు గడిచే డబ్బు అయి ఉండాలి. అంత లేకపోతే 2–5 సెంట్ల టేబుల్‌కి దిగండి. అక్కడ 150 చాలు. దిగడంలో నామోషీ ఏమీ లేదు, నేను మూడుసార్లు దిగాను. ఒక రోజులో రెండు బైఇన్‌లు (టేబుల్‌కి తెచ్చుకునే పది డాలర్లు రెండుసార్లు) పోతే లేచిపోండి. పోయింది రాబట్టాలని రాత్రి పన్నెండింటికి 25–50 సెంట్ల టేబుల్ తెరిచేవాళ్లను చూశాను, మనవాళ్లే, మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లే. ఆ కోరిక మీకు తరచుగా వస్తుంటే ఈ సలహాలన్నీ పక్కన పెట్టండి. ఇక్కడ రాష్ట్రమే నడిపే స్వీయ నిషేధ జాబితా ఉంది, పేరు రాయించుకుంటే సైట్లు మిమ్మల్ని రానివ్వవు. నాకు దగ్గరి మిత్రుడు ఒకరు రాయించుకున్నారు. అతను ఆరోజు చేసింది నేను ఆడిన ఏ ఫోల్డ్ కంటే గొప్పదని మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఈ పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. 25–50 సెంట్లకు వెళ్లేసరికి ఎదుటివాళ్లు మీరు ఎంత తక్కువ ఆడుతున్నారో గమనిస్తారు. మీరు రైజ్ చేయగానే వదిలేస్తారు, మీ బ్లైండ్లు రోజూ దొంగిలిస్తారు. అక్కడ ఆడే ముక్కల పరిధి పెంచాలి, బ్లఫ్‌లు కలపాలి. ఆ సంగతి మీకు ఇప్పట్లో అక్కర్లేదు, ముందు 20,000 హ్యాండ్లు ఇలాగే ఆడండి.

ఇక మీ హ్యాండ్. రాజుల జతతో 30 సెంట్లకు రైజ్ చేశారు, బటన్, పెద్ద బ్లైండు కాల్ చేశారు. చిన్న బ్లైండు ఐదు సెంట్లతో కలిపి పాట్ 95 సెంట్లు. ఇంతవరకు బాగుంది. ఫ్లాప్‌లో ఆఠీను ఆసు, ఇస్పేటు తొమ్మిది, కళావరు నాలుగు. పెద్ద బ్లైండు చెక్ చేశాక (పందెం పెట్టకుండా వదిలాక) మీరు 60 సెంట్లు పెట్టారు. నేనైతే 30 పెట్టేవాణ్ని లేదా చెక్ చేసేవాణ్ని, కానీ పెద్ద తప్పు కాదు. బటన్ వెళ్లిపోయాడు, పెద్ద బ్లైండు కాల్. పాట్ 2 డాలర్ల 15 సెంట్లు. టర్న్ ఆరు. అంతవరకు చెక్, కాల్ తప్ప ఏమీ చేయని మనిషి ఇప్పుడు తనంతట తానే డాలరున్నర పెట్టాడు. "ఆసు ఉంటే మొదటే రైజ్ చేసేవాడు కదా" అని మీరు కాల్ చేశారు. అతను ఆ రకం ఆటగాడు కాదు. ఆసుతో ఏ ముక్క ఉన్నా కాల్ చేసి, ధైర్యం వచ్చాక పందెం పెట్టే రకం.

రివర్ డైమను రెండు. అతను మిగిలిన 7 డాలర్ల 60 సెంట్లు తోశాడు. పాట్ 5 డాలర్ల 15 సెంట్లు. మీ కాల్ నష్టం లేకుండా సరిపోవాలంటే అతను వందకు 37 సార్లు ఏమీ లేకుండా ఇలా తోసి ఉండాలి. మీరే రాశారు, అతను రెండు గంటల్లో ఒక్కసారి కూడా బ్లఫ్ చూపించలేదని. అతని దగ్గర ఆసు, నాలుగు ఉండటం కేవలం వివరం. ఆసు-తొమ్మిది అయినా, నాలుగుల జత చేతిలో ఉండి మూడోది తగిలినా మీకు ఫలితం ఒకటే. రివర్‌లో ఫోల్డ్ చేయడం కష్టమే, ఒప్పుకుంటాను, అప్పటికి చాలా పెట్టేశారు. అందుకే నిర్ణయం టర్న్‌లో జరగాలి. అతను డాలరున్నర పెట్టినప్పుడు రాజులను పడేసి ఉంటే మీ ముందు ఇంకా 9 డాలర్ల 10 సెంట్లు ఉండేవి.